నీళ్ళలో కట్టిన కంచె

"తీసి దొడ్డివైపు ఆరెయ్యమని చెప్పానా లేదా?" అన్నారు మా అత్తగారు, పిండి చేత్తోనే కిటికీ వైపు చూపిస్తూ.

"దొడ్డివైపు ఆరేస్తే పేడ కంపు పట్టేస్తోంది అత్తయ్యా. నిన్న అది వేసుకుని వెళ్తే తోటిపిల్లలు ఏడిపించారట."

"ముందువైపు ఆరేస్తే మీ మామగారి కంట పడుతోంది. అరచెయ్యంత గుడ్డ. అది ఈ ఇంటి ఆడపిల్లదని దారినపోయేవాళ్ళందరికీ తెలియాలా?"

"అదే తీగ మీద మన గదుల్లో అద్దెకి దిగినవాళ్ళవి వేలాడుతున్నాయి కదా. ఆల్మాటీ నుంచి వచ్చినావిడది ఎర్రది, పూలది. అవి మామగారి కంట పడటం లేదా?"

"వాళ్ళు డబ్బిచ్చి వేలాడదీస్తున్నారు."

వసారాలో గుర్రం జీను కుట్టుకుంటున్న మామగారు తల ఎత్తకుండానే, "నాకు చూపు మందగించి చాలాకాలమైంది. మీ గుడ్డల గొడవలోకి నన్ను లాగకండి," అన్నారు.

ఆ గుడ్డ మా అమ్మాయి బేగిమాయ్ ఈత డ్రెస్సు. రోజూ పొద్దున్నే తడిసి ఇంటికొచ్చేది. దాన్ని ఎక్కడ ఆరెయ్యాలన్నది ఆ జూన్ నెలంతా మా వంటింట్లో తెమలని వ్యవహారం.

బల్ల దగ్గర పెద్ద స్థానంలో కూర్చుని రొట్టెకి వెన్న రాసుకుంటున్న మా బావగారు, ఎవరికీ కాదన్నట్టు, "చేపలకి లేని ఆరాటం మనుషులకెందుకో," అన్నారు.

నేను ఆయనకి జవాబు చెప్పలేదు. చెప్పకూడదు. మా ఇళ్ళలో కోడలు మొగుడి అన్నగారితో ఎదురుపడి మాట కలపదు, ఆయన ముందునుంచి నడవదు, ఆయన పేరు అసలు నోట పలకదు. నేను కాపురానికి వచ్చిన రోజు నుంచీ ఆయన పేరు నా నోట రాలేదు. చెప్పాల్సిందేమన్నా ఉంటే పక్కనున్న వస్తువుతో చెప్పేదాన్ని. ఆయన వినేవారు.

"చేపలకి జిల్లా పోటీలు లేవు," అని టీ కెటిలుతో చెప్పి, ఆయన కప్పు నింపాను.

*

నేను నరీన్ కొండల్లో పుట్టాను. అక్కడి ఏటి నీళ్ళు మోకాలి దాకా ఉన్నా మనిషిని ఈడ్చుకుపోతాయి. వాటిని దాటడం నేర్పారు కానీ వాటిలో ఆడుకోవచ్చని ఎవరూ చెప్పలేదు. పెళ్ళయి ఇస్సిక్-కూల్ సరస్సు ఒడ్డుకు వచ్చాక కూడా నా కథ మారలేదు. సరస్సు ఇంటి ముందే ఉంది. వేసవిలో ప్రపంచమంతా దాని కోసం వస్తుంది. వచ్చినవాళ్ళకి గదులు ఊడ్చాలి, రొట్టెలు కాల్చాలి, దుప్పట్లు ఉతకాలి. సీజను ముగిసి వాళ్ళు వెళ్ళేసరికి నీళ్ళు చల్లబడిపోతాయి. మా ఒడ్డున పుట్టి, ముసలివాళ్ళై, సరస్సులో మెడదాకా మునగకుండానే పోయిన ఆడవాళ్ళు ఎంతమందో. నీళ్ళ పక్కన బతకడమంటే నీళ్ళలో బతకడం కాదు.

బేగిమాయ్ అలా కాలేదు. ఊరి బడిలో ఆటలు నేర్పే క్లారా టీచర్ పిల్లల్ని పోగేసి, పాత చేపల రేవులో నీళ్ళలోకి పొడుచుకొచ్చిన చెక్కవంతెన మీద నుంచి నీళ్ళలోకి దూకించేది. ఎక్కువమంది వారం తిరగకుండానే మానేశారు. నా కూతురు మానలేదు. బక్కపిల్ల, బడిలో ప్రశ్న అడిగితే నేల చూసే పిల్ల, నీళ్ళలో మాత్రం ఎవరో కొత్తమనిషి. ఉతికిన బట్టల బుట్ట తీసుకెళ్తూ అప్పుడప్పుడూ వంతెన దగ్గర ఆగి చూసేదాన్ని. ముఖం నీళ్ళలో పెట్టుకుని, ఒక చెయ్యి తర్వాత ఒక చెయ్యి ముందుకి చాచి, ఊపిరి కోసం పక్కకి తిరిగినప్పుడు మాత్రం నోరు కనిపించేది. చప్పుడుండేది కాదు. దూరంగా కట్టిన పీపా దాకా వెళ్ళి, తిరిగి వచ్చి, వంతెన కొయ్య పట్టుకుని నవ్వేది. దగ్గరికి తీసుకుంటే చెంప మీద సరస్సు ఉప్పు.

"ఆగస్టు చివర్లో జిల్లా పోటీ ఉందమ్మా," అంది టీచర్ ఒకరోజు నాతో. "ఈ రేవు నుంచి ఒడ్డు వెంబడే అవతలి మలుపు కొన దాకా ఈదాలి. మన ఊరి నుంచి పంపడానికి నా దగ్గర ఇదొక్కతే ఉంది. రోజూ వస్తే గెలుస్తుంది. రోజు మార్చి రోజు వస్తే ఒడ్డు చేరుతుంది. అంతే తేడా."

"రోజూ పంపిస్తాను," అన్నాను.

మాట ఇచ్చిన కొద్దిరోజులకే కంచె వచ్చింది.

పక్కనున్న పాత విశ్రాంతి గృహాన్ని రాజధాని బిష్కెక్ వాళ్ళెవరో కొని రిసార్టు చేశారు. దానికి ఒడ్డు సరిపోలేదట. చెక్కవంతెననీ, మా రేవునీ కలుపుకుని ఇనుప వల కంచె వేశారు. కంచె ఒడ్డుతో ఆగలేదు, నీళ్ళలోకి దిగి, నిలువులోతు దాటేదాకా పోయింది. గేటు పెట్టారు. లోపలికి వెళ్ళేవాళ్ళ చేతికి పసుపుపచ్చ ప్లాస్టిక్ పట్టీ ఉండాలి. పట్టీ లేనివాళ్ళకి సరస్సు లేదు. ఒడ్డు అందరిదీ అని చట్టం ఉందని పంచాయితీ ఆఫీసులో అడిగితే, "సీజను అయిపోనివ్వండి, చూద్దాం," అన్నారు. దొంగ ఇంట్లో ఉండగా పోలీసుల్ని పిలిస్తే, వాడు వెళ్ళాక వస్తామన్నట్టుంది.

ఆ గేటు దగ్గర కాపలా ఉద్యోగం మా బావగారికి ఇచ్చారు. రిసార్టు దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికే పని మా ఇంటికి ఇప్పించింది కూడా ఆయనే. మా తోడికోడలు మాస్కోలో హోటల్లో పనిచేస్తోంది. చాలాకాలం తర్వాత ఆయనకి ఒక టోపీ, ఒక ఈల, ఒక తాళంచెవుల గుత్తి దొరికాయి. ఆయన నడక మారింది.

*

ఆరోజు బేగిమాయ్ పొడి జుట్టుతో ఇంటికొచ్చింది. ఈత డ్రెస్సు సంచిలోంచి తీసింది. తడవలేదు. అయినా తీసుకెళ్ళి ముందువైపు తీగ మీద వేసింది. అత్తగారు దాన్ని చూసి లోపలికి వెళ్ళిపోయారు.

"ఏమైంది?"

"పెదనాన్న లోపలికి పోనివ్వలేదు."

"పట్టీ లేదనా?"

"నేను వరసలో నిలబడ్డాను. పట్టీ ఏదన్నారు. పెదనాన్నా, ఈతకి వెళ్తున్నా అన్నాను. పక్కన మేనేజరు ఉన్నాడు. మీ పిల్లేనా అని అడిగాడు."

ఆగింది. చేతిలో సంచి తాడుని వేలికి చుట్టుకుంటోంది.

"ఏమన్నారు?"

"ఈ పిల్లెవరో నాకు తెలీదు అన్నారు."

ఆయన భుజాల మీద కూర్చుని మొదటిసారి సరస్సుని చూసిన పిల్ల అది. దాని మొదటి అడుగులకి ఆచారం ప్రకారం కాళ్ళకు కట్టిన దారం కోసింది ఆయనే. పేరు పెట్టినప్పుడు చెవిలో ముందుగా పిలిచిందీ ఆయనే. తెలీదట.

సాయంత్రం భోజనానికి అందరం కూర్చున్నాం. బంగాళాదుంపలు, మాంసం వేసిన కూర. నేను పెరట్లోంచి లోపలికొచ్చిన దూడని గుమ్మం దగ్గర అడ్డుకుని దానితో చెప్పాను. "నువ్వెవరో నాకు తెలీదమ్మా. నీ చేతికి పట్టీ లేదు. బయటికి నడు."

నా మొగుడు నుర్దిన్ దగ్గినట్టు నవ్వి, అన్న ముఖం చూసి ఆపేశాడు.

బావగారు చెంచా కింద పెట్టారు. "ఆ దూడకి చెప్పమ్మా," అన్నారు అత్తగారితో, "మేనేజరు ముందు నా పిల్ల అని చెప్తే రేపు ఊళ్ళో పిల్లలందరూ నా పిల్లలే అవుతారు. ఉద్యోగం పోతుంది. దుప్పట్లు పోతాయి. అప్పుడు దూడ గడ్డి తింటుంది, ఇంట్లోవాళ్ళు ఏం తింటారు?"

"అంతేగా," అన్నారు అత్తగారు. "నోట్లో ముద్ద పెట్టేవాణ్ణి సూటిపోటి మాటలంటే ఎలా? రెండు నెలలు. సీజను అయిపోతే కంచె ఉంటే ఎంత, లేకపోతే ఎంత."

"సీజను అయ్యాక పోటీ ఉండదు అత్తయ్యా."

"పిల్ల ఒక ఏడాది ఈదకపోతే సరస్సు ఎండిపోతుందా?"

నేను నుర్దిన్ వైపు చూశాను. ఆయన రొట్టెని కూరలో ముంచుతున్నాడు. ముంచుతూనే ఉన్నాడు.

మర్నాడు రిసార్టు దుప్పట్లు ఉతుకుతుంటే ఒకటి చిరిగేదాకా పిండాను. తువ్వాళ్ళలో ఇసుక. మా రేవు ఇసుక. మా పిల్ల అడుగు పెట్టకూడని ఇసుకని నేను నీళ్ళు తోడి కడిగి, ఇస్త్రీ చేసి, మళ్ళీ వాళ్ళకే మోసుకెళ్ళి ఇస్తున్నాను. ఉతికేవాళ్ళకి పట్టీ అక్కర్లేదు. మా కోసం వెనకవైపు చిన్నగేటు ఉంది.

*

కంచెని ఓడించింది క్లారా టీచరే. అది నీళ్ళలో ఎంత దూరం పోయినా ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. ఈత రానివాళ్ళని ఆపుతుంది కానీ, వచ్చినవాళ్ళని ఎలా ఆపుతుంది? ఊరివైపు రాళ్ళ ఒడ్డున పిల్లలు నీళ్ళలోకి దిగేవాళ్ళు. రాళ్ళు కాళ్ళకి గుచ్చుకునేవి, నాచు జారేది. దాటి లోతుకి వెళ్ళి, కంచె చివరి స్తంభం చుట్టూ తిరిగి, లోపలి చెక్కవంతెన దగ్గర తేలేవాళ్ళు. అక్కణ్ణించి పీపాకీ వంతెనకీ మధ్య వాళ్ళ ఈత వాళ్ళది. మళ్ళీ అలాగే వెనక్కి.

మా బావగారు ఒడ్డున నిలబడి ఈల ఊదేవారు. ఈదుకుంటూ వెళ్ళి పట్టుకుందామంటే ఆయనకి ఈత రాదు. మోకాళ్ళ దాకా దిగి, బూట్లు గుర్తొచ్చి, ఆగిపోయేవారు. పడక కుర్చీల్లో ఉన్న ఆల్మాటీవాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఒకావిడ పిల్లలకి పుచ్చకాయ ముక్కలిచ్చిందట.

ఊళ్ళో నవ్వుకున్నారు. కొట్టు దగ్గర ఎవరో, "మీ కాపలాదారుకి రబ్బరు బాతు కొనిపెట్టండమ్మా, దానిమీద కూర్చుని తరుముతాడు," అంటే, అత్తగారు పంచదార కొనకుండానే తిరిగి వచ్చేశారు.

"ఇంటి మగవాణ్ణి చూసి ఊరు నవ్వుతోంది," అన్నారు నాతో. "నీ కూతురి ఆట మూలంగా."

"నవ్వుతున్నది ఆటని చూసి కాదు అత్తయ్యా."

"నోరు," అన్నారు. నేను మూసుకున్నాను. ఆ వేసవిలో మూసుకున్న నోళ్ళన్నీ కలిపితే ఇంకో కంచె అయ్యేది.

అయినా ఆ రోజులు బాగున్నాయి. బేగిమాయ్ రోజూ తడిసి ఇంటికొచ్చేది. దాని భుజాలు గట్టిపడ్డాయి. టీచరు దానికి తన పాత ఈత కళ్ళద్దాలు ఇచ్చింది. పీపా దాకా ఇంతకుముందు ఆయాసపడేది, ఇప్పుడు మాట్లాడుతూ వెళ్ళొస్తోందని చెప్పింది. ఆగస్టు సగమైంది. పోటీకి ఇంకెన్నో రోజులు లేవు.

*

ఉతికిన దుప్పట్ల బండి తోసుకుని ఆ పొద్దున వెళ్ళాను. వెనక గేటు మూసి ఉంది, సామాను లారీ అడ్డంగా ఉంది. ముందు గేటుకి వచ్చాను. అక్కడ పట్టీలవాళ్ళు గుంపుగా ఉన్నారు. లోపల్నుంచి క్లారా టీచర్ కేకలు. ఆమె గొంతు నీళ్ళ మీద వినడం అలవాటే కానీ ఇది వేరుగా ఉంది.

సందులోంచి చూశాను. చెక్కవంతెన నుంచి గేటు దాకా ఇసుక మీద ఎర్రగా మరకలు. టీచరు చేతుల్లో బేగిమాయ్. పిక్కకి తువ్వాలు చుట్టి ఉంది. ఆ తువ్వాలుని ముందురోజు నేనే ఉతికాను. తెల్లది. ఇప్పుడు తెల్లగా లేదు.

"కంచె చివర నీళ్ళ కింద ముళ్ళ తీగ చుట్టారు," అంటోంది టీచరు. "నిన్న లేదు. పిల్ల తిరగబోతూ కాలు విసిరింది. గేటు తియ్యండి. కారు కావాలి, ఆస్పత్రికి వెళ్ళాలి."

గేటుకి ఇవతల నేను. అవతల వాళ్ళు. మధ్యలో తాళంచెవులతో మా బావగారు. ఆయన ముఖం పాలిపోయి ఉంది. ఆయన మనసులో దయ లేదని నేననను. కానీ చెయ్యి తాళం మీదికి పోలేదు.

"నీళ్ళలోంచి వచ్చినవాళ్ళు నీళ్ళలోంచే పోవాలని ఆర్డరు టీచరుగారూ," అన్నారు. "గేటు రిజిస్టరైనవాళ్ళకే. మేనేజరుగారిని అడిగి వస్తాను. ఒక్క నిమిషం. ఆయన నాష్టా చేస్తున్నారు."

గుంపులో ఎవరో నిట్టూర్చారు. ఎవరో ఫోను పైకెత్తారు. బేగిమాయ్ నన్ను చూసింది. ఏడవలేదు. ఆయన వైపు చూసింది కానీ పెదనాన్నా అని పిలవలేదు. పిలిచి ఉంటే నేను ఇంకొంచెంసేపు ఓర్చుకునేదాన్నేమో.

నేను బండి వదిలి గేటు దగ్గరికి నడిచాను. ఆయనకి ఎదురుగా నిలబడ్డాను.

"జపార్," అన్నాను. "గేటు తియ్యి."

గట్టిగా అనలేదు. ఆయన తల ఎత్తి నన్ను చూశారు. పెళ్ళి ముసుగు తీసిన నాటి తర్వాత నా ముఖం సూటిగా చూడటం ఆయనకి అదే మొదటిసారి అనుకుంటాను. తాళం తీశారు. తాళంచెవుల గుత్తి చేతిలోంచి ఇసుకలో పడింది. నేను దాన్ని దాటి లోపలికెళ్ళి నా పిల్లని ఎత్తుకున్నాను.

పుచ్చకాయ ముక్కలిచ్చిన ఆల్మాటీ ఆవిడే తన కారులో మమ్మల్ని తీసుకెళ్ళింది. దారి పొడుగునా తిడుతూనే ఉంది. ఎవర్ని తిడుతోందో చెప్పలేదు. అందరికీ సరిపోయేంత తిట్టింది.

ఆస్పత్రిలో కుట్లు వేశారు. ఎముక దాకా పోలేదన్నారు. నెలాఖరు దాకా నీళ్ళ జోలికి పోవద్దన్నారు.

"పోటీ?" అంది బేగిమాయ్.

డాక్టరు కట్టు వైపు చూసి, "ఏం పోటీ?" అంది. బేగిమాయ్ గోడ వైపు తిరిగి పడుకుంది. అప్పుడు ఏడ్చింది.

*

ఎండ ఇంకా చెట్ల మీద ఉండగానే ఇంట్లో అందరూ బల్ల చుట్టూ చేరారు. ఎవరూ పిలవలేదు. నేను ఆయన పేరు పెట్టి పిలిచిన సంగతి నాకంటే ముందే ఇల్లు చేరింది. కాలు తెగిన సంగతి దాని వెనక వచ్చింది.

"పదిమందిలో," అన్నారు అత్తగారు. "పరాయివాళ్ళ ముందు. నా ఇంటి కోడలు నా పెద్దకొడుకుని వాకిట్లో కుక్కని పిలిచినట్టు పిలిచింది. నా బావగారు పోయి ఇంతకాలమైంది, ఈనాటికీ నేను ఆయన పేరు ఎత్తను."

"పిల్ల కాలు తెగిందమ్మా," అన్నాడు నుర్దిన్. ఆ వేసవిలో ఆయన అన్న మొదటి మాట అది.

"తెగింది. చూశాను. నేనేమన్నా గుడ్డిదాన్నా?" అత్తగారు పెద్దకొడుకు వైపు తిరిగారు. "ఆ తీగ ఎవరు కట్టారు?"

బావగారు టోపీని మోకాలి మీద పెట్టుకుని దాని అంచు తడుముతున్నారు.

"చెప్పరా."

"పడవలో వెళ్ళి నేనే కట్టాను. కట్టమన్నారు."

"కంచె పైన కట్టలేకపోయావా? కనిపించేది. పిల్లలు చూసి ఆగేవాళ్ళు."

"పైన కడితే అందంగా ఉండదన్నారు. ఫోటోల్లో పడుతుందని."

వసారా వైపు నుంచి మామగారి సుత్తి చప్పుడు ఆగింది. అత్తగారు ముందున్న రొట్టెని ముక్కలు చేశారు, ఎవరికీ ఇవ్వలేదు, మళ్ళీ పళ్ళెంలోనే పెట్టారు.

"నీళ్ళ కింద," అన్నారు చివరికి, తనలో తాను అన్నట్టు. తర్వాత ముఖం తుడుచుకుని నా వైపు తిరిగారు. "వాడిది వాడికి నేను చెప్తాను. నీది నీది. పేరు ఎత్తడం తప్పే. లేచి బావగారికి వంగి దణ్ణం పెట్టు. ఇంట్లో విషయం ఇంట్లో అయిపోతుంది. రేపు దుప్పట్ల బండి వస్తుంది, అందరం పనిలో పడదాం."

బావగారు తల దించుకునే ఉన్నారు. "దణ్ణమొద్దులే అమ్మా," అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకి కష్టమైంది, నాకు తెలుసు. అయినా దణ్ణమొద్దనడం తేలిక. గేటు తియ్యడం కూడా తేలికే, అడగగానే తీసి ఉంటే.

నేను లేచాను. తలగుడ్డ సర్దుకున్నాను. చేతులు మోకాళ్ళ మీద ఆనించి, మా అత్తగారికీ, వసారా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ మామగారికీ వంగాను. ఆ వంగడం ఇన్నేళ్ళూ వంగినట్టే నిండుగా వంగాను. బావగారి వైపు తిరగలేదు.

బేగిమాయ్ కట్టు కట్టిన కాలుని బెంచీ మీద చాపుకుని నన్నే చూస్తోంది. నుర్దిన్ కూడా చూస్తున్నాడు.

"రేపు దుప్పట్ల బండి వస్తే తిప్పి పంపెయ్యండి అత్తయ్యా," అన్నాను. గొంతు పెరగలేదు. "రిసార్టు గుడ్డలు నేనిక ఉతకను. ఈ ఏడాది పోటీలో మన ఊరి పిల్ల ఉండదు. వచ్చే ఏడాది ఉంటుంది. అంతదాకా ఆ రేవు మనది కాదని ఎవరూ అనుకోకూడదు. ఆస్పత్రి నుంచి వస్తూ క్లారా టీచరుతో మాట్లాడాను. పొద్దున ఆవు పాలు పితికాక రోజూ నేను వెళ్తాను. ఈత నేర్చుకుంటాను. కంచె చుట్టూ తిరిగి కాదు, పట్టీ లేకుండానే గేటులోంచి వెళ్తాను."